మెల్లకన్ను లైటు

మా ఆయన అద్దంలో మొహం చూసుకోవడం మానేసి ఏడాది దాటింది. గడ్డం పెరిగితే మంగలి షాపుకు వెళ్లి, కుర్చీలో కూర్చోగానే కళ్లు గట్టిగా మూసుకుంటారట. "మీ ఆయనకు నా కత్తి మీద నమ్మకం లేదా ఏమిటమ్మా?" అని ఆ మంగలే ఒకరోజు కూరగాయల కొట్టు దగ్గర నన్ను నిలదీశాడు. నమ్మకం ఎక్కువై కునుకు తీస్తున్నారులే అన్నాను. అబద్ధం చెప్పడంలో నేను ఆయనకు ఏమాత్రం తీసిపోను. ఆ సంగతి ముందే ఒప్పుకుని మొదలుపెట్టడం మంచిది.

ఆయన ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్. డిపోలో ఆయన్ని స్పానర్ అనేవారు, తర్వాత ఊరంతా అదే పేరైంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేసేవారు. పెళ్లైన కొత్తలో నాకు జ్వరం వస్తే నా వీపుకు చెవి ఆనించి విని, "చప్పుడు బాగానే ఉంది, రేపటికి తగ్గిపోతుంది" అన్న మనిషి. నేను ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. మా ఇంట్లో పంచదార డబ్బాలో నట్లు, భోజనాల బల్ల కింద గొలుసులు, స్నానాల గదిలో గ్రీజు వాసన. తిట్టీ తిట్టీ నా నోరే అరిగింది గానీ ఆయన ఒక్క మాటా చెవిన వేసుకోలేదు.

రిటైరయ్యాక మూడు నెలలు వసారాలో కూర్చుని, వీధిలో పోయే ప్రతి బండి జబ్బూ పైకి చదువుతూ నన్ను చంపుకు తిన్నారు. నాలుగో నెలలో డ్రిల్లు మాస్టారు వచ్చి కాపాడారు. ఆయన బడిలో వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి. మెడలో ఈల ఇప్పటికీ తీయరు. తనలాగే ఉద్యోగం అయిపోయి, మోటారు సైకిలు మీద మోజు పోని వాళ్లని పోగేశారు. మొత్తం పదకొండు మంది. అందరి మోకాళ్లూ కలిపి వెతికినా ఒక్క మంచి మోకాలు దొరకదు. ప్రతి చలికాలం వీళ్లు రెండు రోజులు ప్రయాణం చేసి దక్షిణానికి, చలి లేని సముద్రపు ఒడ్డుకు పోతారు. అక్కడ ఒక పాత విశ్రాంతి గృహంలో పది రోజులుండి, పొద్దున్నే గుంపుగా బండ్లు తోలి, సాయంత్రం నడుములకు మందు రాసుకుంటారు.

గుంపుకు మాస్టారు పెట్టిన రూలు ఒక్కటే. మలుపు వచ్చినా, దారి చీలినా, ప్రతివాడూ కాలు కింద పెట్టి ఆగాలి. తన వెనక వచ్చేవాడి లైటు అద్దంలో కనిపించేదాకా కదలకూడదు. పదకొండు మందినీ ఎవరూ చూసుకోనక్కర్లేదు. నీ వెనకవాణ్ణి నువ్వు చూసుకో, నిన్ను చూసుకునేవాడు నీ ముందున్నాడు అనేవారు మాస్టారు.

మా ఆయన వెనకవాడు ఎప్పుడూ ఒక్కడే, ఆయన స్నేహితుడు, నేను అన్నయ్యా అని పిలిచే పోస్ట్‌మన్. ముప్పై ఏళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచి, యాభై ఎనిమిదో ఏట మా ఆయన దగ్గర బండి నేర్చుకున్నాడు. సైకిలు అలవాటు పోలేదు. ప్రతి గేటు దగ్గరా తెలియకుండానే వేగం తగ్గించేవాడు. అందుకే గుంపుకు తోక అతనే. నేర్చుకున్న మొదటి వారంలోనే గోడకు గుద్దాడు, హెడ్‌లైటు డొప్ప వంకర పోయింది. ఆ పసుపుపచ్చ వెలుగు రోడ్డు మీద పడకుండా పైకీ పక్కకీ ఎగిరి, నేరుగా మా ఆయన బండికి ఉన్న ఒకే అద్దంలో, కుడివైపు అద్దంలో పడి కళ్లలో గుచ్చుకునేది. దానికి మెల్లకన్ను అని పేరు పెట్టింది నేనే.

"ఒరేయ్, ఒక్క పూట బండి నా దగ్గర వదిలిపెట్టరా. గోడ మీద గీత గీసి సెట్ చేసి పారేస్తా" అని ఈయన.

"ఎందుకురా? నీ కంట్లో పడుతుంటేనే కదా నేనున్నానని నీకు తెలిసేది" అని అతను.

ఆరేళ్లు ఇదే పోట్లాట. వాళ్లావిడ, నేను వదినా అని పిలిచే మనిషి, నేనూ ఈ గోల విని విని కంఠస్థం చేసేశాం.

పోయినేడు చలికాలం ప్రయాణంలో మొదటి రోజు పొద్దున్నే అన్నయ్య పడిపోయాడు. ఊరికి రెండు గంటల దూరంలో, నీళ్ల పంపుల షెడ్డు దగ్గర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపుకు నూరు గజాల ముందు ట్రాక్టరు చక్రాల బురద పడి ఉంది. మంచు దట్టంగా ఉంది. బండి జారి కాలువలోకి ఒరిగింది, కాలు దాని కింద ఇరుక్కుంది. చాలా రక్తం పోయింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. కొంచెం ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు.

మా ఆయన అందరికీ చెప్పింది ఇది: "మలుపు దగ్గర ఆగాను. అద్దంలో లైటు కనపడింది. కదిలాను." ఆ మంచులో వేరే ఎవరిదో లైటు చూసి పొరబడి ఉంటాడని అందరూ అనుకున్నారు. డ్రిల్లు మాస్టారు ఈయన భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు రూలు తప్పలేదయ్యా, అది చాలు" అన్నారు. వదిన ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చేసి, దక్షిణాన సముద్రం దగ్గర ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది. విరిగిన బండి కూడా తీసుకెళ్లింది.

అప్పట్నుంచే మా ఇంట్లో అద్దాలకు కష్టకాలం వచ్చింది. బీరువా తలుపుకున్న అద్దం మీద ఈయన దుప్పటి కప్పారు. స్టీలు గ్లాసు మానేసి గాజు గ్లాసు, తర్వాత అదీ మానేసి మట్టి రంగు కప్పు. ఒక సాయంత్రం వంటింటి కిటికీ ముందు నిలబడి చేతులు కడుక్కుంటూ, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "వచ్చాడు" అన్నారు. నేను గరిటతోనే వెళ్లి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఇంకోరోజు బండి షెడ్డు ఊడుస్తుంటే పనిముట్ల పెట్టెలో పాత చొక్కా మూట కనిపించింది. విప్పితే బండి కుడి అద్దం. కాడతో సహా ఊడదీసి దాచారు. మళ్లీ మూట కట్టి అక్కడే పెట్టేశాను. అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ఈ చలికాలం డ్రిల్లు మాస్టారు ఫోన్ చేశారు. "పోస్ట్‌మన్ వాళ్లావిడ అతని బండి బాగు చేయించిందయ్యా. అంతా అయింది, లైటు ఒక్కటి మిగిలిందట. అది స్పానర్ అన్నయ్యే సెట్ చెయ్యాలంటోంది. నువ్వు రావాల్సిందే."

ఫోన్ పెట్టేశాక ఆయన వెళ్లి షెడ్డు తలుపు తీసి బండి వైపు చూశారు. తర్వాత, "నువ్వూ రా" అన్నారు. పదేళ్లుగా నన్ను బండి ఎక్కించుకోని మనిషి!

"నా నడుముకు ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఒక్కణ్ణే వెళ్లలేను" అన్నారు.

తక్కినవాళ్లంతా ముందురోజే వెళ్లిపోయారు. మేమిద్దరం వెనక బయలుదేరాం. రెండు స్వెట్టర్ల మీద కోటు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, నేను పరుపు చుట్టలా ఆయన వెనక కూర్చున్నాను. మంచు బాగా ఉంది. బండికి కుడివైపు అద్దం లేని చోట ఖాళీ కన్నం. మొదటి చీలిక దగ్గర ఆయన కాలు కింద పెట్టి ఆగారు.

"వెనక ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ లేరు. పదండి."

"చూశావా?"

"చూశాను."

చూడలేదు. మెడ తిప్పలేదు. తర్వాతి మలుపులోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఎనిమిది మలుపులు, ఎనిమిది అబద్ధాలు. నా వీపుకు మాత్రం ఒక వెచ్చదనం తగులుతున్నట్టుంది, ఎవరో దీపం దగ్గరగా పట్టుకున్నట్టు. చలికి అలా అనిపిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పంపుల షెడ్డు మలుపు దగ్గర ఆయన ఆగడమే కాదు, ఇంజను కూడా ఆపేశారు. లోపల పంపు గుబగుబమని తిరుగుతోంది. ఇంకే చప్పుడూ లేదు. పావుగంట గడిచింది. నా కాళ్లు కొయ్యబారాయి.

"ఎవరి కోసమండీ ఆగడం?" అన్నాను.

"పోయినసారి ఆగలేదు" అన్నారు.

ముందుకే చూస్తూ చెప్పుకొచ్చారు. బయలుదేరినప్పట్నుంచి ఆ లైటు కంట్లో పొడుస్తూనే ఉందట. పక్కకు జరగమని చెయ్యి ఊపి చెప్పారట, అతను వెనక నుంచి తిరిగి చెయ్యి ఊపాడట. విసుగొచ్చి, కుడి అద్దాన్ని లోపలికి తిప్పేసుకున్నారు. ఇక మలుపులో ఆగి ఏం చూడాలి? ఆగకుండా పోయారు. ఇరవై కిలోమీటర్ల అవతల టీ దుకాణం దగ్గర అందరూ ఆగారు. వాడెప్పుడూ ఆలస్యమే కదా అని రెండో టీ కూడా తాగారు. వెనక్కి వచ్చేసరికి గంట దాటింది. అప్పటికే ఒక లారీ డ్రైవరు అన్నయ్యను బయటికి తీసి రోడ్డు పక్కన పడుకోబెట్టాడు. కాలువలో నుంచి ఆకాశంలోకి పసుపు వెలుగు పోతుంటే చూసి ఆగానని ఆ లారీ డ్రైవరు చెప్పాడట.

"ముక్కూ మొహం తెలియనివాడికి కనపడింది. నాకు కనపడకుండా నేనే అద్దం తిప్పుకున్నాను. ఇప్పుడు ఏ అద్దంలో చూసినా అదే లైటు. వాడి భార్యకు, ఆ చెల్లెమ్మకి చెప్పేస్తాను. లైటు సెట్ చేసి చెప్పేస్తాను."

నాకు ఒళ్లు మండింది. "చెప్పి ఏం సాధిస్తారు? ఆవిడ ఏడాదికి ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. మీ బరువు దించుకోవడానికి ఆవిడ నెత్తిన పెడతారా? నోరు మూసుకుని స్క్రూ తిప్పి వచ్చేయండి" అన్నాను. ఆయన బండి స్టార్ట్ చేశారు.

నా కోపం వదిన మీద జాలితో వచ్చింది కాదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు కబురు అందాక వదినా నేనూ ఒకే కారులో ఆసుపత్రికి వెళ్లాం. మెట్ల పక్కనే మా ఆయన బండి ఉంది. వదిన దిగి లోపలికి పరిగెత్తింది. వెనక దిగిన నాకు ఆ కుడి అద్దం కనపడింది, లోపలికి మడిచి. ఆయన బండి వెనక ఎన్నేళ్లు కూర్చున్నదాన్ని! ఆ అద్దం అలా ఎందుకుందో ఒక్క క్షణంలో అర్థమైపోయింది. అటూ ఇటూ చూసి, చేతిరుమాలుతో మంచు తుడుస్తున్నట్టు నటించి, అద్దం తిన్నగా తిప్పేశాను. తర్వాత లోపలికి వెళ్లి వదినను పట్టుకుని, "ఆయన ఆగారు వదినా, ఆగకుండా పోయే మనిషి కాదు" అన్నాను. అడక్కుండానే అన్నాను.

ఏడాదిగా ఆయన నా దగ్గర దాచారు. నేనూ ఆయన దగ్గర దాచాను. ఒకే మంచం మీద ఇద్దరం చెరో పక్కకు తిరిగి అదే అద్దాన్ని చూస్తూ పడుకున్నాం.

మర్నాడు సాయంత్రానికి సముద్రం దగ్గరికి చేరాం. విశ్రాంతి గృహం ముందు తొమ్మిది బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మాస్టారు ఈల ఊది మమ్మల్ని లోపలికి పిలిచారు. వరండాలో వదిన కూర్చుని ఉంది. చిక్కింది. నన్ను చూసి, "బండి మీద వచ్చావా వదినా? ఏదీ, ఎముకలు లెక్కపెట్టుకో" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఈయన నోరు విప్పకపోతే గండం గట్టెక్కినట్టే.

పొద్దు వాలాక మిగతావాళ్లు సముద్రం వైపు నడకకు వెళ్లారు. అన్నయ్య బండిని పెరట్లో గోడకు పది అడుగుల దూరంలో నిలబెట్టారు. ఈయన గోడ మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశారు. నన్ను బండి మీద కూర్చోమన్నారు, బరువు ఉంటే గానీ లైటు ఎక్కడ పడేదీ సరిగ్గా తెలియదట. నేను ఎక్కి కూర్చున్నాను. వదిన మెట్టు మీద కూర్చుని చూస్తోంది. ఈయన స్విచ్ నొక్కారు.

పసుపుపచ్చ వెలుగు గీతల్ని వదిలేసి, గోడ పైకి, కుడివైపుకు, కిటికీ అద్దంలోకి పోయి పడింది. అక్కడ్నుంచి తిరిగి మా ముగ్గురి మొహాల మీద పడింది. ఈయన స్క్రూడ్రైవర్ పట్టుకుని డొప్ప కింద స్క్రూ వెతుకుతున్నారు. చీకట్లో కూడా నట్టు సైజు చెప్పే చెయ్యి అది. రెండుసార్లు జారింది. మూడోసారి స్క్రూడ్రైవర్ కింద పడింది. తీసుకోవడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు, అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయారు.

"చెల్లెమ్మా, నేను ఆగలేదు" అన్నారు. "అద్దం లోపలికి తిప్పేసుకున్నాను. లైటు చూశానన్నది అబద్ధం. ఆగి ఉంటే వాడు బతికేవాడు."

వదిన కదల్లేదు.

"తెలుసు అన్నయ్యా" అంది.

ఆయన తలెత్తారు.

"ఆ రోజు కారు ఆగుతుండగానే చూశాను. మీ కుడి అద్దం లోపలికి మడిచి ఉంది. ఈ లైటు గురించి మీ ఇద్దరి పోట్లాటా నాకు తెలియనిదా? లోపలికి వెళ్లి ఆయన్ని చూడకముందే నాకు అర్థమైంది."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అడగలేదేమ్మా?"

"మీ రూలే కదా. వెనకవాడు కనిపించేదాకా ఆగాలి. ఆగాను." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ మీద కోపం లేదని అనను. ఉంది. రేపూ ఉంటుంది. కానీ ఇవాళ వచ్చారు."

ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇక అయిపోయింది, బయటపడ్డాం అనుకుంటున్నాను. బండి దిగబోయాను. అప్పుడు వదిన నా వైపు తిరిగింది. కిటికీ అద్దంలో నుంచి తిరిగి వచ్చిన వెలుగు నా మొహం మీదే పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నేను ఆసుపత్రి కాగితాల మీద సంతకం కోసం బయటికి వచ్చేసరికి అద్దం తిన్నగా ఉంది" అంది వదిన, మెల్లగా. "నువ్వు ఇంకా రాలేదు వదినా."

కళ్లకు అడ్డం పెట్టుకున్న చెయ్యి దించి, "నేనే తిప్పాను" అన్నాను. మా ఆయన నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. కాసేపటికి వదిన లేచి వచ్చి స్విచ్ ఆపింది. "స్క్రూ తిప్పకండి అన్నయ్యా. అది అలాగే ఉండనీండి" అని లోపలికి వెళ్లిపోయింది.

పది రోజులున్నాం. ఈయన గుంపుతో బండి తోలారు. మాస్టారికి కూడా జరిగింది చెప్పేశారు. మాస్టారు ఒక పూట ఈయనతో మాట్లాడలేదు. రెండో పూట వచ్చి, "రేపట్నుంచి తోక నువ్వే" అన్నారు. వదిన నాతో మామూలుగానే ఉంది, నా జడ వేసింది, నా గురక గురించి ఎగతాళి చేసింది. కానీ వెళ్లొస్తామని చెప్పేటప్పుడు నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది గానీ, మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఈయన సంచిలోంచి చొక్కా మూట తీసి, కుడి అద్దం బిగించారు. వెంట తెచ్చారని నాకు తెలియదు. ఇక నన్ను ఏమీ అడగలేదు. ప్రతి మలుపులో కాలు కింద పెట్టి, అద్దంలో తానే చూసి, కదిలారు. ఏం కనపడిందో చెప్పలేదు.

రెండో రోజు చీకటి పడే వేళకు పంపుల షెడ్డు దగ్గరికి వచ్చాం. ఇటువైపు నుంచి వస్తే మలుపు దాటాకే ఆ కాలువ వస్తుంది. అప్పుడూ మంచే. ఆయన ఆగారు, అద్దం చూశారు, నిట్టూర్చి గేరు వేశారు. ఆ వెచ్చదనం మళ్లీ నా వీపుకు తగిలింది. ఈసారి చలి మీదికి నెట్టలేకపోయాను. ఇంతదూరం ఒక్కసారి కూడా వెనక్కి చూడని నేను, హెల్మెట్ తీసేసి, నడుము పట్టేసినా సరే, పూర్తిగా వెనక్కి తిరిగి చూశాను.

"ఉండండి" అన్నాను. "వస్తున్నాడు."

ఆయన ఇంజను ఆపేశారు.